తాతయ్య చిత్రికకి పెట్టె చేసాను

చెక్కని నున్నగా గీరే తాతయ్య చిత్రికని మేం ఎంత భద్రంగా దాచామంటే, మెత్తటి స్పాంజిలో చుట్టి, దాని మీద పాలిథిన్ కవర్ వేసి, రబ్బరు బ్యాండ్లు బిగించి, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటకెక్కించాం. 2014 వేసవిలో ఆయన పోయారు, ఆ నెలలోనే నేనే నా చేతులతో చుట్టి పెట్టాను. మళ్ళీ 2024 ఏప్రిల్‌లో అమ్మ అటక సర్దమంటే ఎక్కి ఆ డబ్బా దించి మూత తీసాను. స్పాంజి పొడిపొడిగా రాలిపోయి, రాలిన చోటల్లా ఇనుముకి బంకలాగ అంటుకుపోయింది. తిప్పి చూస్తే అడుగు మొత్తం ఇటుక రంగు. బ్లేడు కదల్లేదు, ఇత్తడి చక్రం తిరగలేదు.

గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఎందుకంటే ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళూ దానికి తుప్పు చుక్క లేదు. మా ఇల్లు వైజాగ్ పెదవాల్తేరులో, రాత్రి ఊరు సద్దుమణిగితే సముద్రం హోరు వినిపిస్తుంది, అదే ఇల్లు అదే గాలి. రోజూ చెమట చేతులతో పట్టుకునేవారు, సాయంత్రం పాత పంచె ముక్కతో తుడిచి రెండు చుక్కలు మిషన్ ఆయిల్ రాసి గూట్లో పెట్టేవారు, అంతే, దానికి డబ్బా లేదు కవరూ లేదు. వాడినన్నాళ్ళు నిగనిగలాడిన సామాను, మేం పదిలంగా దాచాక పాడైపోయింది. అప్పుడే అనుకున్నాను, దీన్ని బాగుచేస్తే సరిపోదు, సరిగ్గా ఉండటానికి దానికో చోటు కూడా చెయ్యాలని. ఆ పెట్టె గురించే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపికుంటే చదవండి.

ముందు వస్తువు గురించి చెప్తాను. ఇది రికార్డ్ అనే కంపెనీ 05 నంబరు చిత్రిక, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊళ్ళో చేసింది, నీలం రంగు బాడీ. 14 అంగుళాల పొడవు, 2 అంగుళాల బ్లేడు, తూకం వేస్తే రెండు కేజీల పైమాటే. మన వైపు పెద్దవాళ్ళు దూగోడ అంటారు, కొంతమంది తోపడా అంటారు, మా ఇంట్లో మాత్రం చిత్రికే. చెక్క చిత్రికల్లో చెక్క చీల దిగ్గొట్టి బ్లేడు బిగిస్తారు కదా, దీన్లో అలా కాదు, వెనకాల ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు వెంట్రుక వాసి కిందకి దిగుతుంది, పైకి లేస్తుంది. ఈ పద్ధతి లియోనార్డ్ బెయిలీ అనే అమెరికా ఆయనది, ఆయన పేటెంట్లని 1869లో స్టాన్లీ అనే పనిముట్ల కంపెనీ కొనుక్కుంది, పేటెంట్ల గడువు తీరిపోయాక మిగతావాళ్ళూ అదే నమూనాలో చేసారు. స్టాన్లీలో 5 నంబరు ఏదో, రికార్డ్‌లో ముందు సున్నా తగిలించి 05 అదే. ఇప్పటికీ బజార్లో దొరికే ఇనప చిత్రికలు ఎక్కువ భాగం ఆ నమూనాకి మనవలే.

తాతయ్య హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వడ్రంగి. ఇనప ఓడకి వడ్రంగి ఎందుకని చిన్నప్పుడు నేనూ అడిగాను. ఓడ బయటంతా ఇనుమే గానీ లోపల మనుషులుండే గదులు, మంచాలు, బల్లలు, తలుపులు, మెట్ల పక్క పట్టుకునే కమ్మీలు అన్నీ చెక్కే కదా. 1948లో నెహ్రూ గారొచ్చి నీళ్ళలోకి దింపిన జల ఉష ఓడ గురించి తాతయ్య తనే చేసినట్టు చెప్పేవారు, నిజానికి ఆయన చేరింది 1964లో, అయినా ఆ యార్డులో తయారైన ప్రతి ఓడా తనదే అనుకునే తరం అది. ఈ చిత్రిక రిటైరయి ఊరెళ్ళిపోతున్న ఒక సీనియర్ దగ్గర నలభై రూపాయలకి కొన్నారట, ఆ నెల ఇంట్లో అమ్మమ్మతో పెద్ద గొడవట. పిడి పైకొమ్ము ఒకసారి కిందపడి విరిగితే వేరే రోజ్‌వుడ్ ముక్క అతికించి అరగదీసారు, ఆ అతుకు గీత ఇప్పటికీ వేలికి తెలుస్తుంది, కంటికి తెలీదు.

తుప్పు వదిలించడానికి నాకు తెలిసింది తక్కువ, అందుకే కంచరపాలెంలో ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఏటి బాబూ ఇది, ఇంత మంచి సామాను ఇలాగ చేసీసినారు. మీ తాతగోరు సూస్తే ఏటంటారు." ప్లాస్టిక్ డబ్బాలో పెట్టామని చెప్పాను. "ఇది సముద్రం గాలి బాబూ. మూసీసి ఒగ్గీకూడదు. పది రోజులకోపాలి తీయాల, తుడవాల, నూని రాయాల. నువ్వు పట్టుకోకపోతే అది పట్టీసుకుంటాది తుప్పు." ఇత్తడి చక్రం తిప్పబోతుంటే ఆయనే ఆపారు, అది ఎడమ మర, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుందని. కిరసనాయిల్లో రెండు రోజులు నానబెట్టి ఆ వైపు కాకుండా ఈ వైపు తిప్పితే కదిలింది. అడుగుని గాజు పలక మీద ఉప్పు కాయితం పరిచి, కిరసనాయిలు చల్లి మెల్లగా రుద్దాను, మూడు సాయంత్రాలు పట్టింది. ఇత్తడికి మాత్రం అమ్మ చింతపండు పులుసే, దేవుడి సామాన్లతో పాటు అదీ తోమేసింది. నీలం రంగు ఊడిన చోట్ల మళ్ళీ వెయ్యలేదు. తాతయ్య బొటనవేలు ఆని ఆని అరిగిపోయిన చోటది, దాని మీద రంగు వెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

ఎందుకు పట్టింది తుప్పు అనేది మాత్రం కూర్చుని చదివాను, ఎందుకంటే కారణం తెలీకుండా పెట్టె చేస్తే అది ఇంకో ప్లాస్టిక్ డబ్బా అవుతుంది. గాల్లో తేమ 60 శాతం దాటితే మామూలు ఇనుముకే తుప్పు జోరందుకుంటుంది, వైజాగ్‌లో ఏడాదిలో చాలా భాగం తేమ 70 పైనే ఉంటుంది. దానికి తోడు సముద్రపు ఉప్పు. ఉప్పు గాల్లోంచి నీళ్ళని లాక్కుంటుంది, వానాకాలం డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లడం మన ఇళ్ళల్లో చూసేదే, ఆ పనే ఇనుము మీద కంటికి కనపడని పొరలాగ జరుగుతుంది. మామూలు ఉప్పుకి 75 శాతం తేమ దగ్గర మొదలవుతుంది ఇది, కానీ సముద్రపు ఉప్పులో మెగ్నీషియం ఉప్పులు కూడా ఉంటాయి కాబట్టి అంతకంటే చాలా తక్కువ తేమకే చెమ్మ పట్టేస్తుంది. మన చేతి చెమటలో కూడా ఉప్పే. నేను చుట్టిపెట్టిన రోజు వేసవి, చేతులు చెమటలు, తుడిచానో లేదో గుర్తు లేదు. ఆ తేమ గాలినే లోపల పెట్టి మూత బిగించాను. అటక పగలు కాగిపోతుంది, రాత్రి చల్లబడుతుంది, చల్లబడినప్పుడల్లా లోపలి గాల్లో తేమ ఇనుము మీద మంచులాగ దిగుతుంది, స్పాంజి దాన్ని పీల్చుకుని ఇనుముకి ఆనించి పట్టుకుని కూర్చుంటుంది. పదేళ్ళు అదే జరిగింది.

కాబట్టి చెక్క పెట్టె. చెక్క తేమని తను కొంత తాగుతుంది, గాలి పొడిబారితే కొంత వదుల్తుంది, లోపల ఒక్కసారిగా హెచ్చుతగ్గులు రాకుండా ఆపుతుంది. అయితే ఏ చెక్క పడితే ఆ చెక్క పనికిరాదు. ఓక్, చెస్ట్‌నట్ లాంటివి ఆమ్లం ఆవిర్లు వదుల్తాయి, మూసిన పెట్టెలో అవి ఇనుముకి మంచివి కావు, మ్యూజియంలలో లోహపు సామాను ఓక్ బీరువాల్లో పెట్టకూడదంటారు అందుకే. పచ్చి చెక్క అసలే వద్దు. బాగా ఎండిన పాత చెక్క కావాలి, అది మా అటక మీదే ఉంది.

తాతయ్య పోయిన ఏడే అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వీధిలో చెట్టు అనేది మిగల్లేదు, మర్నాడు పొద్దున్న ఆకుల్లేని ఊరు చూసి మా అమ్మ గుమ్మంలో కూర్చుండిపోయింది. మా పడమటి గది కిటికీ రెక్క ఒకటి బందులతో సహా ఊడి పెరట్లో పడింది. బర్మా టేకు అది, ముత్తాత కట్టించిన ఇల్లు, రంగూన్ నుంచి ఓడల్లో కలప దిగే రోజుల్లోది. పారెయ్యడానికి చేతులు రాక అటక మీద పెట్టాం, చిత్రిక డబ్బా పక్కనే. పదేళ్ళు పక్కపక్కన ఉన్నాయి రెండూ, ఒకటి చెడిపోయింది, ఒకటి ఇంకా ఎండి మంచిదయింది.

పాత చెక్కతో పని చేసేవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, పాత రంగు. ఆ కాలం రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, పొడిగా రుద్ది దుమ్ము లేపకండి, నేను తడిపి గీకి, మాస్క్ పెట్టుకుని, ఆ చెత్తని కాయితంలో చుట్టి విడిగా పారేసాను, పిల్లల్ని ఆ రోజు పెరట్లోకి రానివ్వలేదు. రెండోది మేకులు. అయస్కాంతంతో పలక అంతా తడిమాను, నాలుగు దొరికాయి, తీసేసాను, అయినా తల విరిగి లోపలుండిపోయిన చిన్న మేకు ముక్క ఒకటి తప్పించుకుంది. కొత్తగా సానబట్టిన బ్లేడు దాని మీదకి వెళ్ళింది. టిక్ మని చప్పుడు, పలక మీద సన్నటి గీత పొడుగునా. బ్లేడు అంచుకి ఆవగింజంత పన్ను లేచింది. దాన్ని పోగొట్టడానికి అంచు మొత్తం వెనక్కి అరగదీయాల్సొచ్చింది, తాతయ్య మిగిల్చిన బ్లేడు పొడుగులో కొంచెం అలా పోయింది, అది నాకిప్పటికీ బాధే. అయస్కాంతం రెండు వైపులా తిప్పండి, ఒక వైపు చూసి సరిపెట్టుకోకండి.

పలకలు ముప్పావు అంగుళం మందం, వాటిని అరంగుళానికి దింపాలి. అరంగుళం అంటే మేస్త్రిగారి లెక్కలో నాలుగు నూళ్ళు. మిషన్ మీద వేయిస్తే పావుగంట పని, కానీ ఈ చిత్రిక ఉన్నదే ఆ పనికి కదా అని చేత్తోనే పట్టాను. మొదట అడ్డంగా, బ్లేడు ఎక్కువ దింపి, మందం తగ్గేదాకా. తర్వాత పొడుగునా, బ్లేడు తగ్గించి. టేకు చెక్కలో ఇసక లాంటి సిలికా ఉంటుంది, అంచు తొందరగా మొద్దుబారిపోతుంది, ప్రతి పలకకీ రెండుసార్లు సాన పట్టాల్సొచ్చింది. కానీ అంచు బాగున్నప్పుడు మాత్రం, ఏం చెప్పమంటారు, నలుపు తేలిన పైపొర లేచి కింద నుంచి తేనె రంగు చెక్క బయటపడుతుంటే, పొట్టు ఉల్లిపొరలాగ చుట్టలు తిరిగి చిత్రిక నోట్లోంచి పైకొస్తుంటే, ఆ టేకు నూనె వాసన గదంతా నిండింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "నాన్న వాసన వస్తుందిరా" అంది. షిప్‌యార్డ్ నుంచి వచ్చినప్పుడు తాతయ్య చొక్కా అదే వాసనంట. నేను పని ఆపలేదు, ఆపితే ఇద్దరం ఏడ్చేవాళ్ళం.

పెట్టె కొలతలు లోపలికి 15 అంగుళాల పొడవు, 3 అంగుళాల పావు వెడల్పు, 6 అంగుళాల పావు ఎత్తు. చిత్రిక పిడితో కలిపి అయిదున్నర దాకా వస్తుంది, పైన వేలు పట్టేంత సందు ఉంచాను. మీ చిత్రికని మీరు కొలుచుకోండి, పిడి కొమ్ము వెనక్కి పొడుచుకు రావచ్చు కాబట్టి అడుగు పొడవు ఒకటే కొలిస్తే చాలదు, గోడకి ఆనించి మూలమట్టం పెట్టి చూడాలి. మూత అగ్గిపెట్టెలాగ జరిగే మూత, బందులు లేవు, గొళ్ళెం లేదు, ఇనప మేకు ఒక్కటి లేదు. సముద్రం పక్క ఊళ్ళో ఇనప బందులు పెడితే చిత్రిక కంటే ముందు అవే తుప్పు పడతాయి.

నేను ఎక్కువ ఆలోచించింది చిత్రిక లోపల దేని మీద కూర్చోవాలనే దాని గురించి. చాలామంది ఫెల్ట్ గుడ్డో వెల్వెట్టో అతికిస్తారు, చూడ్డానికి నగల పెట్టెలాగ బాగుంటుంది. కానీ గుడ్డ తేమ పట్టుకుంటుంది, ఉప్పు పట్టుకుంటుంది, నా స్పాంజి చేసిన పనే అదీ చేస్తుంది. తోలు కూడా వద్దు, దాన్ని పదును చేసేటప్పుడు వాడిన లవణాలు లోపల ఉండిపోతాయి. అందుకే అడుగున రెండు అడ్డ పట్టీలు పెట్టాను, ఒక్కోటి మూడు నూళ్ళ ఎత్తు, ఒకటి ముందు కొస నుంచి రెండు అంగుళాల్లో, ఒకటి వెనక కొస నుంచి మూడు అంగుళాల్లో. చిత్రిక ఆ రెండిటి మీద ఆగుతుంది, మధ్యలో బ్లేడు ఉన్న చోట కింద ఖాళీ. పొరపాటున బ్లేడు పైకి తీయకుండా పెట్టినా అంచు దేనికీ తగలదు, అడుగు మొత్తానికి గాలి తగులుతుంది, చెక్కకి ఇనుము ఆనేది రెండు వేళ్ళ వెడల్పంత చోటే. పక్కలకి కదలకుండా ముందో చిన్న దిమ్మ, వెనకో దిమ్మ, వాటిని చిత్రిక ఒంపుకి సరిగ్గా గీరి గీరి కుదిర్చాను. పెట్టెని చేతిలో పట్టుకుని తల్లకిందులు చేసినా లోపల చప్పుడు రాకూడదు, అదీ పరీక్ష. ముందు దిమ్మ మూడోసారికి కుదిరింది.

మూలలకి డవ్‌టెయిల్ అతుకు వేసాను, పావురం తోకలాగ విచ్చుకుని ఉండేది, ఒక్కో మూలకి మూడు తోకలు. గట్టి చెక్కకి ఎనిమిది పాళ్ళ పొడుగుకి ఒక పాలు వాలు సరిపోతుంది, ఇంకా ఎక్కువ విప్పితే కొసలు చిట్లుతాయి. గీత గీసేటప్పుడు పెన్సిల్ కాదు, కత్తి మొనతో గీయాలి, రంపం ఆ గాడిలో దానంతటదే కూర్చుంటుంది. గీతకి కోసి పారేసే వైపు పెన్సిల్‌తో అడ్డగీతలు కొట్టి గుర్తు పెట్టుకోవాలి, నేను మూడు మూలలు అలా చేసి నాలుగో మూలకి వచ్చేసరికి చీకటి పడుతుందని తొందరపడి గుర్తు పెట్టలేదు, గీతకి అవతల వైపు కోసేసాను, సందు వచ్చింది. అదే పలక పొట్టులోంచి తీసిన సన్నటి ముక్కకి జిగురు రాసి ఆ సందులోకి దిగ్గొట్టి చదును చేసాను. ఒకే పలక, ఒకే రంగు, కనిపించదు. తాతయ్య కొమ్ము అతికించినట్టే అనుకున్నాను.

అడుగు పలక గాడిలో వదులుగా కూర్చుంటుంది, జిగురు రాయలేదు, వానాకాలం ఉబ్బితే దానికి చోటు కావాలి. గాడి పెట్టె పొడుగునా కొట్టినప్పుడు మూల దగ్గర బయటికి చిన్న చదరం కన్నం కనిపిస్తుంది, దాన్ని టేకు ముక్కతోనే పూడ్చెయ్యాలి. టేకుకి జిగురు పట్టదు అనే మాట అందరూ అంటారు, చెక్కలో సహజంగా ఉండే నూనె వల్ల. చిత్రిక పట్టిన వెంటనే థిన్నర్ గుడ్డతో తుడిచి ఫెవికాల్ రాస్తే బాగానే పట్టింది. అయితే ఇక్కడొక సంగతి, తెల్ల జిగురు ఆరేటప్పుడు కొంచెం వెనిగర్ వాసన వస్తుంది, అది కూడా ఆమ్లమే. పెట్టె అయిపోయిందని సంబరంగా ఆ రాత్రే చిత్రిక లోపల పెట్టి మూసెయ్యకండి. నేను మూడు వారాలు మూత తీసి ఫ్యాన్ కింద ఉంచాను, ముక్కు పెట్టి వాసన చూసి, టేకు వాసన తప్ప ఇంకేం లేదనుకున్నాకే పెట్టాను.

ఇక మూత. మే నెలాఖరుకి అయింది, అప్పుడు ఎంత ముచ్చటగా జరిగిందో, వేలితో తోస్తే బిగుతుగా వెళ్ళి చివర్లో లోపలి గాలి ఉస్ మని బయటికొచ్చేది. అందరికీ పిలిచి చూపించాను. జులైలో వానలు పట్టుకున్నాయి, ఒకరోజు తీయబోతే రాలేదు. కొట్టినా రాలేదు, లాగినా రాలేదు, మూత అంచు గీరాలంటే గీరే చిత్రిక పెట్టె లోపల ఉంది. టేకు చాలా తక్కువ కదిలే చెక్కే, అయినా దాదాపు నాలుగంగుళాల వెడల్పున్న మూతకి ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య ఒక మిల్లీమీటరు దాకా తేడా వస్తుంది, నేను వదిలిన సందు అందులో సగం కూడా లేదు. బలవంతం చెయ్యకుండా ఏసీ గదిలో రెండు రాత్రులు ఉంచాను, ఏసీ గాల్లో తేమ లాగేస్తుంది కదా, మూడో రోజు పొద్దున్న నెమ్మదిగా కదిలింది. రెండు వైపులా కలిపి మిల్లీమీటరున్నర తీసాను, గాడిలో తేనె మైనం రాసాను, పాడేరు వైపు నుంచి ఒక స్నేహితుడు తెచ్చిన మైనం ముద్ద ఉంది ఇంట్లో. ఇప్పుడు చలికాలంలో మూత కొంచెం వదులుగా ఉంటుంది, వానాకాలంలో సరిగ్గా ఉంటుంది. ఈ ఊళ్ళో జరిగే మూత చేసేవాళ్ళెవరైనా ఆగస్టులో కొలుచుకోండి, మేలో కొలవకండి.

పైన పాలిష్ లక్క. అదే, ఫ్రెంచ్ పాలిష్‌కి వాడే చపడా లక్క స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ముద్దతో రాసేది. తేమని ఆపడంలో లక్క మంచిది, చెక్క రంగు కూడా వెచ్చగా పైకి తెస్తుంది. కానీ గాల్లో తేమ ఎక్కువున్న రోజు రాస్తే పాలిష్ తెల్లగా మసకబారిపోతుంది, అందుకని వానలన్నీ వెళ్ళేదాకా ఆగి డిసెంబర్‌లో ఎండ బాగా ఎక్కాక రాసాను, ఎనిమిది పూతలు. లోపల మాత్రం ఏమీ రాయలేదు. లోపల నూనె రాస్తే మూసిన పెట్టెలో ముక్కిపోయిన వాసన ఏళ్ళ తరబడి పోదు, పైగా చెక్క తేమ పీల్చే పని చెయ్యాలంటే ఒక వైపన్నా దాని ముఖం దానికి వదలాలి.

మూత లాగడానికి ఒక బొడిపె కావాలి. దీనికి ఏటికొప్పాక వెళ్ళాను. వరాహ నది ఒడ్డున ఊరు, అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు, 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. నేను వెళ్ళిన ఇంట్లో ఒకాయన మిషన్ మీద తిరుగుతున్న కర్రకి లక్క పుల్ల ఆనించారు, రాపిడి వేడికి లక్క కరిగి రంగు కర్రకి ఎక్కిపోతుంటే మొగలాకుతో అద్ది మెరుపు తెచ్చారు, మొత్తం అయిదు నిమిషాలు. నీలం కావాలన్నాను, జేబులోంచి చిత్రిక ఫొటో తీసి ఆ నీలం చూపించాను. ఆయన రెండు పుల్లలు మార్చి మార్చి రాసి దాదాపు అదే నీలం తెచ్చారు. బజ్జీ మిరపకాయ తొడిమంత బొడిపె, డబ్బులు వద్దన్నారు, బలవంతంగా ఇచ్చి పిల్లలకి రెండు బొంగరాలు కూడా తీసుకున్నాను. బొడిపెని మూతకి వెదురు మేకుతో బిగించాను.

పెట్టెలో చిత్రికతో పాటు చిన్న అర ఉంది, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, ఆరెంజ్ రంగు పచ్చగా మారితే పెనం మీద సన్న సెగని వేడి చేసి మళ్ళీ పెడతాను. తేమ చూపించే బుల్లి మీటర్ ఒకటి కొని కొన్నాళ్ళు లోపల ఉంచి చూసాను, బయట 84 ఉన్న రోజు లోపల 61. పొట్లం లేకుండా చూస్తే 70 దాటింది. కాబట్టి పెట్టె ఒక్కటే ఏదో చేసేస్తుందని నేను చెప్పను. ఆ అరలోనే మిషన్ ఆయిల్ బుడ్డి, దానికి చుట్టి తాతయ్య పంచె ముక్క, పాతదే. ఉతికి ఎండలో వేసి పెట్టాను.

మూత లోపలి వైపు పాలిష్ లేదు కదా, అక్కడ పెన్సిల్‌తో తేదీ వేస్తున్నాను తీసినప్పుడల్లా. మేస్త్రిగారు పది రోజులకోసారి అన్నారు, నేను ఏదో ఒక పని కల్పించుకుని అంతకంటే తొందరగానే తీస్తున్నాను, మా అమ్మ పీట కాళ్ళు సరిచేసాను, పక్కింటి వాళ్ళ తలుపు అడుగు గీరాను, పిల్లల క్రికెట్ బ్యాట్ అంచు సాపు చేసాను. ఇప్పటికి నలభై పైన తేదీలయ్యాయి, రెండో వరస మొదలైంది. నిన్న తీస్తే ఒక తేదీ నా చేతిరాత కాదు. మొన్న శనివారం నేను ఆఫీసులో ఉండగా అమ్మ తీసిందట, తుడిచి నూనె రాసి పెట్టేసిందట. తెలుగు అంకెల్లో వేసింది.